మంత్రిగారి డాలు

అనగనగా అనకపోతే మీరు వినరు కదా, సరే, అనగనగా ఒక రాజు. ఆయనకు ముగ్గురు కొడుకులు. ఏడు సముద్రాల అవతల ధూమ్రాక్షుడనే మాంత్రికుడు ఉండేవాడు. వాడి బాణం తగిలితే మనిషి రాయైపోతాడు.

వాడి మీదికి పెద్దకొడుకు సైన్యంతో వెళ్లాడు, రాయైపోయాడు. రెండోవాడు వెళ్లాడు, రాయైపోయాడు. "డాలు అడ్డం పెట్టుకోవడం కూడా చేతకాని పిరికివాళ్లు" అన్నాడు మంత్రి కుటిలవర్మ. చూశారర్రా, పోయినవాళ్ల మీదే నింద!

మూడోవాడు జయకేతుడికి ఒళ్లు మండింది. మంత్రి సైన్యానికి చేయించిన డాళ్లలో కోటలో మిగిలినది ఒకటి తీసి మోకాలికి ఆనించి వంచాడు. పైన బంగారు పూత, కింద తగరపు రేకు. విస్తరాకులా మడతపడింది.

"మంత్రిగారూ, డాలు చేయించినవాడు ముందు దాని వెనక నిలబడి బాణం దెబ్బ కాయాలి. అది మన ఆచారం. మీరు నిలబడ్డారా?"

"ఆ మోటు ఆచారాలు ఇంకా ఎందుకు రాకుమారా?" అన్నాడు మంత్రి. రాజు తల వంచుకున్నాడు. ఆ ఆచారం మాన్పించడానికి ఒప్పుకున్నది ఆయనే మరి.

జయకేతుడు ఒంటరిగా బయలుదేరాడు. సముద్రతీరాన వలలో చిక్కిన పెద్ద తాబేలును విడిపించాడు.

"డాలు లేకుండానే యుద్ధానికా? నా వీపెక్కు నాయనా. నా డాలు ఏ మంత్రీ చేయించింది కాదు" అంది తాబేలు.

ఏడు సముద్రాలూ దాటించింది. ఒడ్డున మాంత్రికుడు మూడు బాణాలు వేశాడు. మూడుసార్లూ తాబేలు అడ్డంగా నిలబడింది, మూడూ చిప్పకు తగిలి జారిపోయాయి. ఆ సందులో జయకేతుడు గుహలోకి దూరాడు.

అక్కడ పంజరంలో చిలక, ఆ చిలకలో మాంత్రికుడి ప్రాణం. అది పంజరం దాటితే వాడు పోతాడు. పంజరం చుట్టూ దళసరి ఇనప డాళ్లు, ప్రతిదాని మీదా తన తండ్రి రాజముద్ర! అన్నల గుండెలకు అడ్డం ఉండాల్సిన ఇనుమును మంత్రి శత్రువుకే అమ్ముకున్నాడు. జయకేతుడు కోపం పట్టలేక ఏడ్చేశాడు.

"ఎందుకేడుస్తున్నావు?" అంది చిలక. అతను జరిగిందంతా చెప్పాడు.

"ఇంతమంది ఉసురు పోసుకుని వాడి ప్రాణాన్ని నేను మోయాలా?" అని చిలక లోపలి గడియ తానే తీసి ఆకాశంలోకి ఎగిరిపోయింది. దానితో మాంత్రికుడి ప్రాణమూ పోయింది. రాళ్లన్నీ మనుషులై లేచాయి.

అందరూ కోటకు తిరిగి వచ్చారు. జయకేతుడు తగరపు డాలు మంత్రి చేతికిచ్చి విల్లు ఎక్కుపెట్టాడు. మంత్రి డాలు పారేసి కాళ్ల మీద పడ్డాడు.

"వద్దు బాబూ, ఇది బాణానికి ఆగదు. నాకు తెలుసు."

"తెలిసే ఇచ్చావా?" అన్నాడు జయకేతుడు. రాయై లేచిన ప్రతి సైనికుడూ ఆ మాట విన్నాడు. మంత్రిని దేశం నుంచి తరిమేశారు. అన్నలిద్దరూ తమ్ముడికే కిరీటం పెట్టమన్నారు.

తర్వాత పెళ్లి. పెళ్లికూతురు కాంచనమాల, రాయై లేచిన సేనాపతి కూతురే. పీటల మీద కూర్చోకముందే జయకేతుడు తాను చేయించిన కొత్త ఇనప డాలు వెనక నిలబడ్డాడు. బాణం వేసింది ఆమే. తండ్రిని తలుచుకుని గట్టిగానే లాగి వేసింది.

డాలు ఖంగుమంది, ఆగింది. అప్పుడు అక్షింతలు పడ్డాయి. వాళ్లు చాలాకాలం రాజ్యమేలారు. సైనికుడి చేతికి డాలు ఇచ్చే ముందు, ప్రతిసారీ దాని వెనక రాజే నిలబడ్డాడు.