ఇనుపకడ్డీ కోరుకున్న మరుపు

ఒకప్పుడు ఇనుముకు మరుపనేది ఉండేది కాదు. మెరుపు ముట్టిన ఇనుము దేన్నైనా పట్టుకుందంటే, తనకు తానుగా వదిలితే తప్ప ఎవరి తరమూ కాదు విడిపించడం. ఇప్పటి ఇనుమును చూసినవాళ్లు ఈ మాట నమ్మరు. నమ్మకపోతే పోనీ, వినండి.

ఆ రోజుల్లో పైడమ్మ అనే కమ్మరి ఉండేది. ఆమె కొలిమి పక్కన గోడకు చేరగిలబడి ఒక ఇనుపకడ్డీ ఉండేది. కొడవలికి పొట్టి, గునపానికి సన్నం. "ఎప్పటికైనా దేనికో పనికొత్తాదిలే" అని పైడమ్మ దాన్ని అక్కడే వదిలేసింది. ఏళ్లు గడిచిపోయాయి, ఆ పనేదో రానే లేదు.

ఏటా తొలకరికి ముందు ఊళ్లో రైతులందరూ నాగళ్ల కర్రులు ఊడదీసి పైడమ్మకు తెచ్చి ఇచ్చేవారు. నేలను చీల్చేది ఆ ఇనుప కర్రు మొనే కదా, దానికి పదును ఉండాలి. ఆమె వాటిని కాల్చి, సాగగొట్టి, నీళ్లలో ముంచి, గోడవారన వరసగా పెట్టేది. ఆ నాలుగు రోజులూ ఇనుపకడ్డీకి పండగే పండగ. కర్రులు పొలం కబుర్లు చెబుతుంటే అది నోరు తెరుచుకుని వినేది.

అన్నిట్లోకీ దానికి పక్క గుడిసెలో ఉండే గున్నమ్మ నాగలి కర్రు అంటే ప్రాణం. అరిగి అరిగి బెత్తెడు మిగిలిన ముసలి కర్రు అది. వానపాములు చక్కిలిగింతలకు ఎలా మెలికలు తిరుగుతాయో, మట్టిలో చీమలు ఎలా పోట్లాడుకుంటాయో చెప్పి కడ్డీని నవ్వించేది. తొలి వాన కురవగానే రైతులొచ్చి ఎవరి కర్రు వాళ్లు పట్టుకుపోయేవారు. కడ్డీ మళ్లీ ఒంటరిదైపోయేది.

ఒక ఏడాది, ఇంకా చినుకు పడకముందే, మెరుపు పిల్ల ఆడుకోవడానికి కిందికి దిగింది. మెరుపుకు రాగి మీద నడవడం మహా సరదా. పైడమ్మ ఇంట్లో ఒక కర్రకు చుట్లుచుట్లుగా చుట్టిన రాగితీగ కనిపించింది. ఇంకేం, అందులో దూరి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది.

"నా చుట్ల మధ్యలో ఎవరు కూర్చుంటే వాళ్లకు నా బలం!" అని అరిచింది.

కర్ర అప్పటికే అక్కడ కూర్చుని ఉంది. "నాకేమీ తెలియడం లేదమ్మా" అంది. చుట్టూ ఉన్న ఇనుప రజను చిటికెడు కదిలిందంతే. కర్ర లేచిపోయాక ఇత్తడికడ్డీ కులుక్కుంటూ వచ్చి కూర్చుంది. అప్పుడూ అదే చిటికెడు. ఇత్తడి మూతి ముడుచుకుని వెళ్లిపోయింది.

"నువ్వు రావా?" అని మెరుపు ఇనుపకడ్డీని అడిగింది. తనను ఎవరైనా పిలవడం దానికి అదే మొదలు. సిగ్గుపడుతూ వెళ్లి కూర్చుంది.

అంతే! దాని ఒంట్లో ఎటు పడితే అటు తిరిగి పడుకున్న రేణువులన్నీ ఉలిక్కిపడి లేచి, ఒకే వైపు మొహం పెట్టి నిలబడ్డాయి. కడ్డీకి ఎక్కడలేని బలమూ వచ్చింది. గోడవారనున్న కర్రులన్నీ ఎగిరొచ్చి ఖణేల్ ఖణేల్ మని దానికి అతుక్కున్నాయి. గున్నమ్మ కర్రు అన్నిటికన్నా దగ్గరగా, గుండెకు ఆనుకున్నట్టు అతుక్కుంది. కడ్డీ పొంగిపోయింది.

ఇంతలో పైనుంచి మేఘం ఉరిమి పిలిచింది. మెరుపు పిల్ల పరుగున వెళ్లిపోయింది. వాన మొదలైంది.

"వానొచ్చింది, ఇక మమ్మల్ని వదులు" అన్నాయి కర్రులు.

మెరుపు వెళ్లిపోయినా కడ్డీలో రేణువులు నిలబడే ఉన్నాయి. అది వదలాలనుకుంటే వదలగలదు. కానీ వదల్లేదు. "ఒక్క పూట ఉండండి" అంది.

తెల్లారి రైతులొచ్చి లాగారు. జత ఎడ్లను కట్టి లాగించారు. కడ్డీ ససేమిరా అంది. "కొలిమిలో ఎయ్యి పైడమ్మా!" అన్నాడొకడు. "ఏత్తే పట్టు ఒదులుద్ది. మీ కర్రుల పదునూ పోద్ది. మళ్లా అన్నీ సెయ్యాలంటే పది రోజులు" అంది పైడమ్మ. ఇక బతిమాలడమే మిగిలింది.

మూడో రోజున గున్నమ్మ వచ్చింది. కడ్డీ ముందు చతికిలబడింది.

"ఒగ్గెయ్యి నాయనా. ఇంట్లో ఇత్తనం సోళ్లు ఒక్క కుంచెడున్నాయి. నేల తడారిపోకముందే సల్లుకోవాల. తడారితే ఈ ఏడు నాకు పంట నేదు" అంది.

"చూడు, పెద్దమ్మ అడుగుతోంది. నన్నొక్కదాన్నైనా వదులు" అంది గున్నమ్మ కర్రు.

"రేపు" అంది కడ్డీ. పట్టు సడల్లేదు. మర్నాడూ రేపే అంది. ఆ పై రోజూ రేపే అంది. మళ్లీ ఏడాది దాకా ఒంటరిగా ఉండాలన్న భయం దాన్ని అలా అనిపించింది.

ఆరో రోజుకు కర్రులు కబుర్లు చెప్పడం మానేశాయి. ముసలి కర్రు కూడా నోరు విప్పలేదు. ఆ మౌనం భరించలేక కడ్డీ పట్టు వదిలేసింది. కర్రులు నేలమీద రాలిపడ్డాయి. రైతులు వాటిని తీసుకుని పొలాలకు పరుగెత్తారు. అప్పటికే నేల ఎండి బీటలు తీసింది. కర్రు దిగలేదు. మళ్లీ వాన పడలేదు.

కొన్నాళ్లకు పక్క గుడిసె నుంచి కమ్మని వాసన వచ్చింది.

"ఏం వాసన అది?" అని కడ్డీ అడిగింది.

"గున్నమ్మ అంబలి కాసుకుంటంది. ఇత్తనం సోళ్లతోటి. ఇంకేటి తింటాది?" అంది పైడమ్మ, తల తిప్పుకుని.

కడ్డీకి ఏడుపు ముంచుకొచ్చింది. అడిగినప్పుడే వదిలి ఉంటే ఆ విత్తనపు రాగులు ఈపాటికి మొలకెత్తి ఉండేవి. ఒక్క పూటన్నది తనే, ఆరు రోజులు చేసిందీ తనే.

"పైడమ్మా, నన్ను కొలిమిలో వెయ్యి. ఇంకెప్పుడూ ఇలా పట్టుకోకుండా చెయ్యి" అంది.

"సెయ్యగలను. ఎర్రగా కాల్సి, నీళ్లల్లో ముంచకుండా, బూడిదలో పెట్టి నెమ్మదిగా సల్లారనిత్తే మెత్తబడతావు. బలం అప్పుడూ వత్తాది. కానీ మెరుపెల్లిపోగానే నీ ఒంట్లో రేణువులు పడుకుండిపోతాయి. ఎవుర్ని పట్టుకున్నావో కూడా గుర్తుండదు. సరేనా?"

పక్కనున్న ఉక్కుకడ్డీకి ఒళ్లు మండింది. "పిచ్చిదానా! నేనైతే దొరికింది చచ్చినా వదలను" అంటూ ఎర్రగా కాలి, చన్నీళ్ల తొట్టిలో దూకి, గట్టిపడిపోయింది. ఇనుపకడ్డీ మాత్రం "సరే" అని బూడిదలో పడుకుంది. రెండు రోజులు నిదానంగా చల్లారింది.

మరుసటేడు తొలకరికి మెరుపు పిల్ల మళ్లీ వచ్చింది. కడ్డీ చుట్లలో కూర్చోగానే కర్రులన్నీ ఎగిరొచ్చి అతుక్కున్నాయి. మేఘం పిలిచింది, మెరుపు వెళ్లింది, కర్రులన్నీ ఆ క్షణమే జలజలా రాలిపోయాయి. రైతులు సంతోషంగా ఏరుకున్నారు. గున్నమ్మ అందరికన్నా ముందు వచ్చింది. ఆ ఏడు అప్పు తెచ్చుకున్న విత్తనం ఆమె ఒళ్లో ఉంది.

వెళ్లబోతూ ముసలి కర్రు వెనక్కి తిరిగింది. దాని కోపం ఎప్పుడో పోయింది.

"నన్ను గుర్తుపట్టావా? వానపాముల కబుర్లు చెప్పేదాన్ని" అంది.

ఇనుపకడ్డీ దాన్ని కొత్తగా చూసినట్టు చూసింది.

"ఎవరమ్మా నువ్వు?" అని అడిగింది.

అప్పటినుంచే రాగితీగ చుట్ల మధ్య కర్రను పెట్టినా, ఇత్తడిని పెట్టినా బలం పెరగదు, మెత్తని ఇనుము పెడితే ఎన్నో రెట్లు పెరుగుతుంది. అప్పటినుంచే ఉక్కు ఒకసారి అయస్కాంతమైతే అంత తేలిగ్గా మామూలు మనిషి కాదు, మెత్తని ఇనుము మాత్రం కరెంటు ఉన్నంతసేపే పట్టుకుని, పోగానే వదిలేస్తుంది. అయినా ఎప్పుడైనా జాగ్రత్తగా చూడండి. కరెంటు ఆపేశాక కూడా ఒక్కోసారి దాని కొసన ఓ చిన్న గుండుసూది వేలాడుతూ ఉంటుంది. అదెవరో ఇనుముకు తెలియదు. ఎందుకు వదలాలనిపించడం లేదో కూడా తెలియదు.