చైన్ ఆగేదాకా

మా ఇంట్లో అందరం తెలివైనవాళ్ళమేనండి. మా తెలివి ఏంటంటే, చెప్పిన మాట చెప్పినట్టు చేస్తాం. అక్షరం అటూ ఇటూ కానివ్వం. ఓసారి బస్సులో కండక్టరు "దిగేవాళ్ళు దిగండి" అన్నాడు. మా గంగాచలం అన్నయ్య కాస్త ఆలోచించి, "ఒరే నూకరాజూ, మనం ఎప్పటికైనా దిగేవాళ్ళమే కదరా" అన్నాడు. అంతే, దిగిపోయాం. మా ఊరు ఇంకా పదకొండు మైళ్ళుంది. నడుస్తూ నడుస్తూ మా వరహాలు వదిన, "బస్సు నిండా జనం ఉన్నారు, ఈ సంగతి తట్టింది మాత్రం మనకే!" అని పొంగిపోయింది. నూకరాజు అంటే నేనే లెండి.

అలాంటి మా ఇంటికి మొన్నటి గాలివానకి పెద్ద కష్టమొచ్చింది. పెరట్లో పనసచెట్టు వేళ్ళతో సహా లేచొచ్చి, గొడ్లసావిడి తలుపుకి అడ్డంగా పడింది. సావిడికి ఉన్నది ఆ ఒక్క తలుపే. లోపల మా గేదె ఉంది, పేరు నల్లపూస. తొలిచూలు. ఆ పొద్దున్నే నొప్పులు మొదలయ్యాయి. లోపల అది అరుస్తుంటే ఇవతల వదిన ఏడుస్తోంది. దూడప్పుడు తల్లి చచ్చిపోతే సీసాతో పాలు పట్టి పెంచుకుంది మరి.

"అయ్యో, నా నల్లపూస నల్లపూసైపోయిందే! కంటికి కనపడట్లేదే! తొలికాన్పండీ, దగ్గర మనిషి లేకపోతే చచ్చిపోతుందండీ!"

గొడ్డలితో కొడితే ఎప్పటికయ్యేను? అన్నయ్యా నేనూ పడవెక్కి, ఏటి అవతల యంత్రాల షాపు సన్యాసినాయుడుగారి దగ్గరికి పరిగెత్తాం. ఆయన బ్యాటరీతో నడిచే చైన్ రంపం చేతికిచ్చారు.

"దీంతో ఆటలొద్దు. చెట్టుని కోసినంత తేలిగ్గా కాలినీ కోస్తుంది. నేను చెప్పింది చెప్పినట్టు చెయ్యాలి" అన్నారు.

"ఆ ఒక్కటీ మాకు చెప్పక్కర్లేదండి" అన్నాడు అన్నయ్య గర్వంగా.

"సరే విను. మొదలెట్టేముందు చైన్‌కి నూనె వెయ్యాలి. వదులుగా ఉంటే బిగించాలి. కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి. రంపం నడిచేటప్పుడు పదడుగుల్లో మనిషన్నవాడు ఉండకూడదు. చెట్టు కదిలితే పారిపోవడానికి దారి ముందే చూసుకోవాలి."

అయిదు మాటలు, అయిదు వేళ్ళు. అన్నయ్య గుప్పిట మూసేసి, మాటలు జారిపోతాయేమోనని ఇంటిదాకా తెరవలేదు.

ఇంటికి రాగానే, "వరహాలూ, నీ చైన్‌కి నూనె వెయ్యాలి, రా" అన్నాడు. మా ఇంట్లో ఉన్న చైన్ అదొక్కటే. వదిన మెళ్ళో మూడు కాసుల బంగారం చైన్.

"చెట్టు కొయ్యడానికి నా చైన్‌కి నూనెందుకండీ?"

"నాయుడుగారికి తెలీదా, నీకు తెలుసా? తల వంచు."

ఇంకేముంది, సీసాడు ఆముదం వదిన మెడ మీద పోశాడు. జాకెట్టంతా జిడ్డు. నేనేమన్నా తక్కువ తిన్నానా? చైన్ కిందకి వేళ్ళు పెట్టి చూసి, "అన్నయ్యా, నాలుగు వేళ్ళు దూరుతున్నాయి, బాగా వదులు" అన్నాను. అన్నయ్య వెనక్కి లాగి ముడి మీద ముడి వేశాడు. వదిన ఏదో అనబోయింది. "కీ" అని మాత్రం వచ్చింది.

తర్వాత అద్దాలు. వదిన పౌడరు డబ్బాలో అద్దం ఒకటి, నా గడ్డం గీసుకునే అద్దం ఒకటి తెచ్చి, తువ్వాలుతో అన్నయ్య కళ్ళకి కట్టాను.

"ఏం కనపడుతోందన్నయ్యా?"

"నా కళ్ళేరా. ఎర్రగా ఉన్నాయి."

"మంచిదేగా! కళ్ళు జాగ్రత్తనే కదా ఆయన పెట్టుకోమంది. కళ్ళెదుటే ఉంటే ఇంకెక్కడికి పోతాయి?"

అన్నయ్య నా తెలివికి మురిసిపోయి, జామచెట్టుని నేననుకుని భుజం తట్టాడు. నేనే చెయ్యి పట్టుకుని పనసచెట్టు దగ్గరికి తీసుకెళ్ళాను. రంపాన్ని మొద్దు మీద పెట్టించాను. పెట్టించి, పదడుగులు కొలిచాను. ముందు నేను జరిగాను. వదిన జరిగింది. అన్నయ్య జరగలేదు.

"అన్నయ్యా, మనిషన్నవాడు ఉండకూడదన్నారు. నువ్వు మనిషివి కాదా?"

వాడికి రోషమొచ్చింది. "ఎందుక్కాదురా? నీకంటే ముందునించీ మనిషిని!" అని వాడూ వచ్చి మా పక్కన నిలబడ్డాడు.

అంతే. ముగ్గురం చేతులు కట్టుకుని రంపం వైపు చూస్తున్నాం, అన్నయ్య అద్దాల్లోంచే. రంపం మా వైపు చూస్తోంది. లోపల నల్లపూస గోడలదిరేట్టు అరిచింది.

"ఇంకా మొదలెట్టదేంట్రా?"

"కొత్తచోటు కదా, మనం చూస్తుంటే సిగ్గేమో."

అటు తిరిగి నిలబడ్డాం. అయినా మొదలెట్టలేదు. "అమ్మా రంపం, మా నల్లపూసకి నొప్పులొస్తున్నాయమ్మా, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలాం. వదిన కూడా దండం పెట్టి "కీ, కీ" అంది. కళ్ళమ్మట నీళ్ళు ధారగా కారుతున్నాయి. నిజం చెబుతున్నానండి, నాకూ ఏడుపొచ్చింది. ఇన్ని చేసినా కొయ్యదే అని.

అప్పుడు అన్నయ్య మళ్ళీ గుప్పిట మూసి, ఒక్కో వేలూ విప్పుతూ లెక్కపెట్టాడు. "ఇదిగో, అయిదో వేలు మిగిలిపోయిందిరా! పారిపోయే దారి చూసుకోలేదు. అందుకే కదలట్లేదు." అద్దాలు పైకెత్తి చూశాడు. నేనూ చూశాను. రేవుకెళ్ళే దారి, ఎక్కడా ఒక్క కొమ్మ అడ్డం లేదు.

"దారి బాగుందా?"

"బ్రహ్మాండంగా ఉంది."

"మరి ఆగుతావేంట్రా?"

ఇంకేముంది, పరుగే పరుగు! వదిన వెనక్కి చూసుకుంటూ, "కీ" అంటూ మా వెనకే.

రేవులో సన్యాసినాయుడుగారు అప్పుడే పడవ దిగుతున్నారు. "మీకిచ్చి పంపాక నాకు ముద్ద దిగలేదయ్యా. షాపు మూసేసి వస్తున్నాను. ఏమైంది? ఎందుకు పరిగెడుతున్నారు?"

"దారి చాలా బాగుందండి" అన్నాడు అన్నయ్య రొప్పుతూ.

ఆయన నెత్తి కొట్టుకుని మా కంటే ముందు పరిగెత్తారు. కాళ్ళకి దళసరి బూట్లు, చేతులకి తొడుగులు, కళ్ళకి కళ్ళజోడు. రంపాన్ని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, "కోసేవాడు తప్ప ఎవరూ ఇటు రావద్దు!" అని అరిచారు.

మేం మొహామొహాలు చూసుకున్నాం. కోసేవాడు తప్ప! ఆ ముక్క ముందే చెప్పొచ్చు కదండీ, ఇంతపొద్దు పొయ్యేది కాదు.

పావుగంటలో దారి తెరుచుకుంది. వదిన ఒక్క దూకున లోపలికెళ్ళింది. అప్పటికే చిన్న గిట్టలు రెండు బయటికొచ్చి ఉన్నాయి. వదిన పట్టుకుంది, నాయుడుగారు సాయం పట్టారు. పెయ్యదూడండి! పుట్టగానే తుమ్మింది. నల్లపూస దాన్ని నాకుతుంటే వదిన గేదె మెడ కావిలించుకుని "కీ కీ కీ" అని ఒకటే ఏడుపు.

"మెడ పట్టేసిందా తల్లీ? పాపం, ఆ ముడి విప్పండయ్యా" అన్నారు నాయుడుగారు. అన్నయ్య విప్పాడు. చైన్ జారి వదిన గుండెల మీద ఊగింది.

ఇంతలో పడవవాడు కేకేశాడు. నాయుడుగారు రంపంలోంచి బ్యాటరీ ఊడదీసి సంచిలో వేసుకున్నారు. "ఇది మీ దగ్గర ఉంచితే నాకు నిద్రపట్టదు. రంపం తుడిచిపెట్టండి, రేపొచ్చి తీసుకెళ్తా" అని ఒట్టి రంపం అన్నయ్య చేతికిచ్చారు. పోతూ పోతూ మళ్ళీ వెనక్కి తిరిగి, "ఎప్పటికైనా పనికొస్తుంది, ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. చైన్ పూర్తిగా ఆగేదాకా రంపం కింద పెట్టకూడదు" అన్నారు.

అన్నయ్య రంపం పట్టుకుని వదిన చైన్ వైపు చూశాడు. ఊగుతోంది.

"వరహాలూ, కదలకు."

వదిన కదల్లేదు. చైన్ మాత్రం పైకీ కిందకీ ఆడుతోంది. "ఊపిరి పీలుస్తున్నావే! ఆపు!" ఆపింది. మొహం వంకాయ రంగుకొచ్చాక మళ్ళీ పీల్చింది. చైన్ మళ్ళీ కదిలింది.

ఇలా కాదని ఉపాయం నేనే చెప్పాను. మా ఇంట్లో స్థిమితంగా నిలబడేది నల్లపూస ఒక్కతే. చైన్ తీసి దాని కొమ్ముకి తగిలించాం. ఏం లాభమండీ, అది నెమరెయ్యడం మొదలెట్టింది. దవడ ఆడితే తల ఆడుతుంది, తల ఆడితే కొమ్ము ఆడుతుంది, కొమ్ముతో పాటు చైను.

ఏరు పొంగి పడవ ఆపేశారు, నాయుడుగారు రాలేదు. ఇవాళ్టికి నాలుగో రోజు. అన్నయ్య రంపం దింపలేదు. వదినే ముద్దలు కలిపి నోట్లో పెడుతోంది. సావిడి గోడకి ఆనుకుని నిలబడే కునుకు తీస్తున్నాడు. మీలో ఎవరికైనా గేదెల భాష వస్తే, కాసేపు నెమరాపమని దానికి చెప్పండి, దండం పెడతాను. మేం చెప్పీ చెప్పీ అలిసిపోయాం. మా ఇంట్లో చెప్పిన మాట విననిది అదొక్కతేనండి.