ఫ్రెంచిలో వేసిన చాటింపు

పూర్వం నార్మన్లు సముద్రం దాటి వచ్చి ఇంగ్లండు దేశాన్ని గెలుచుకుని ఏలుతున్న రోజుల్లో, ఒక కోటకు రైనాల్డ్ అనే ప్రభువు ఉండేవాడు. నార్మన్లు మాట్లాడేది ఫ్రెంచి, జనం మాట్లాడేది ఇంగ్లీషు. ప్రభువుకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. రాకపోవడమే గొప్ప అనుకునేవాడు.

ఆయన కొలువులో ఓస్బర్న్ అనే విదూషకుడు ఉండేవాడు. తండ్రి నార్మను సిపాయి, తల్లి ఆ ఊరి ఆడపడుచు. అంచేత రెండు భాషలూ అతనికి ఉగ్గుపాలతోనే అబ్బాయి.

ఒకనాడు భటులు ఉల్విన్ అనే రొట్టెలవాణ్ణి పెడరెక్కలు విరిచికట్టి కొలువుకు తెచ్చారు. పొయ్యిలోకని రాజుగారి అడవిలో పుల్లలు ఏరాడట. దానికి శిక్ష కుడిచెయ్యి నరకడం. వెనకాలే అతని భార్య ఏడుస్తూ వచ్చింది.

ఓస్బర్న్ చిన్నప్పటినుంచీ ఆ ఇంటి రొట్టెలు తిన్నవాడు. ఉల్విన్ మొర విని అతను ప్రభువు ముందుకొచ్చాడు.

"ప్రభూ, అడవిలోకి పోకూడదని తనకు తెలియదంటున్నాడు," అన్నాడు.

"తెలియకేం? సంతలో చాటింపు వేయించాం కదా."

"ఫ్రెంచిలో వేయించారు."

"ఏ భాషలో అయితేనేం? చెవిన పడ్డాక అర్థం కాలేదంటే కుదరదు."

"ఈ న్యాయం గొప్పవాళ్లకు కూడానా, ప్రభూ?"

"నాకైనా ఇదే న్యాయం," అన్నాడు రైనాల్డ్ మెడ నిక్కించి.

"అయితే నేనూ ఒక చాటింపు వేస్తాను, సెలవివ్వండి."

ఏదో వినోదం కాబోలనుకుని ప్రభువు తలూపాడు. ఓస్బర్న్ బల్లెక్కి ఇంగ్లీషులో గట్టిగా చాటాడు: "రాజుగారి పేరు మీద చెబుతున్నాను. అందరూ లేచి తల వంచండి. కూర్చున్నవాడికి కుడిచెయ్యి తీసేస్తారు."

నేలమీద కూర్చున్న వంటవాళ్లూ, గుర్రాలవాళ్లూ గబగబా లేచి తల వంచారు. మోకాళ్లమీదున్న ఉల్విన్ కూడా తంటాలుపడి లేచాడు. ప్రభువూ ఆయన సర్దారులూ మాత్రం కుర్చీల్లో కదలకుండా ద్రాక్షసారా చప్పరిస్తున్నారు.

"ఏమన్నావురా? వీళ్లంతా ఎందుకు లేచారు?"

ప్రభువుకు కోపమొస్తే తన నాలుకే తెగుతుందని ఓస్బర్న్‌కు తెలుసు. అయినా ఉన్నదున్నట్టు ఫ్రెంచిలో చెప్పేశాడు.

సర్దారులు ఉలిక్కిపడి లేచారు. ఒకాయన గిన్నె కిందపడి సారా ఒలికిపోయింది.

"ఇప్పుడు లేచి లాభం లేదు దొరలూ, చెవిన పడ్డప్పుడే లేవాల్సింది," అన్నాడు ఓస్బర్న్ మెల్లిగా.

రైనాల్డ్ కాసేపు తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు. అంతలో పొట్ట అదిరేలా నవ్వాడు. ఆ చేతి ఉంగరం తీసి ఓస్బర్న్ ముందుకు చాపాడు.

"ఈ చెయ్యి నాకు మిగిల్చినందుకు ఇది ఉంచుకో. ఇకమీదట నా చాటింపులన్నీ నువ్వే రెండు భాషల్లోనూ వెయ్యి. అది సరేగాని, 'ఇంటికి పో' అని వీళ్ల భాషలో ఎలా అంటారు?"

ఓస్బర్న్ చెవిలో చెప్పాడు. ప్రభువు లేచి నిలబడి, ఉల్విన్‌ వైపు తిరిగి ఆ మాట అన్నాడు. పలుకు వంకరగానే వచ్చింది. అయినా ఉల్విన్ భార్యకు అర్థమైంది. భటులు కట్లు విప్పేదాకా కూడా ఆగకుండా మొగుడి భుజం పట్టుకుని బయటికి లాక్కుపోయింది.