తవుడు వద్దన్న పుంజు

గింజను చేసినవాడే దాన్ని ఏరుకునే ముక్కునూ చేశాడు. ఆ స్వామికో దండం పెట్టుకుని వినండి.

కాలవగట్టు పక్కన ఓ బియ్యం మిల్లు ఉండేది. దాని పెరట్లో ఊక ఒక కుప్ప, తవుడు ఒక కుప్ప, బాగా తెల్లగా పట్టిన నూకలు ఒక కుప్ప. తవుడు గేదె కుడితిలోకి పోయేది, మిగిలింది కోళ్ళు పొడుచుకునేవి. ఆ కోళ్ళ కాళ్ళలో ఎంత సత్తువంటే, కంచె అవతల నక్క తోక కదిలిందో లేదో, ఇవతల అన్నీ రేకుల కప్పు మీద ఉండేవి. నక్కకు ఆకలి పెరిగింది. ఆకలితోపాటు తెలివీ పెరిగింది.

ఓ సాయంత్రం అది కంచె బయటే కాళ్ళు ముడుచుకుని కూర్చుంది.

"డేగపుంజు బావా, నీ కూతతో మా అడవంతా నిద్ర లేస్తుంది. అంతటివాడివి, గేదె తినే తవుడు తింటావేం?"

"రుచిగా ఉంటుంది మరి," అంది పుంజు.

"రుచిదేముంది. కొంగను చూశావుగా, ఎంత తెల్లగా ఉంటుందో. అది తవుడు తింటుండగా ఎప్పుడైనా చూశావా?"

పుంజు మెడ అడ్డంగా ఊపింది. "చూడలేదు."

"మరి? ఇంక నేను చెప్పేదేముంది."

తెల్లారగానే పుంజు నక్క మాట చెప్పి గుంపంతటికీ కట్టడి పెట్టింది. తవుడు ముట్టకూడదు, ఎర్రపొర ఉన్న గింజ ముట్టకూడదు, తెల్లనూకలే తినాలి.

గుంపులో పెద్దది నల్లపెట్ట. "తెల్లనివన్నీ పాలనుకోకురా అబ్బాయ్," అంది.

"నీకేం అత్తా, నువ్వు ఏం తిన్నా తెల్లబడేదానివి కాదు," అంది పుంజు. కోళ్ళన్నీ కిసుక్కుమన్నాయి. నలుగురితోపాటు నారాయణా అనుకుని నల్లపెట్ట కూడా పిల్లను వెంటేసుకుని నూకల దగ్గరికే పోయింది.

వారాలు గడిచాయి. పొట్టలు నిండుతున్నాయి, కాళ్ళు మాత్రం నిలవడం లేదు. మొదట కప్పు ఎక్కడం మానేశాయి. తర్వాత కప్పు కింది దూలం ఎక్కడం మానేశాయి. పుంజు కూత మొదలుపెట్టి మధ్యలో కూర్చుండిపోయేది. నల్లపెట్ట పిల్ల అయితే మెడ వెనక్కి వాల్చేసి ఆకాశంకేసి చూస్తూ పడి ఉంది. "లేవలేనమ్మా," అంది.

నక్క రోజూ వచ్చి కంచె బయటినుంచే కుశలం అడిగేది.

"బావా, కాళ్ళెలా ఉన్నాయి?"

"కాస్త తూలుతున్నాయి."

"తూలితే తూలనీ, అన్నీ సర్దుకుంటాయి. అక్కా, నీ కాళ్ళో?"

అక్కడ తట్టింది నల్లపెట్టకు. తెల్లబడమని చెప్పింది ఇదే. ఒక్కనాడైనా ఈకలు తెల్లబడ్డాయా అని అడిగిందా? ఎప్పుడు చూసినా కాళ్ళ సంగతే.

ఈడ్చుకుంటూ గేదె దగ్గరికి పోయింది. "వదినా, నీ తొట్టిలో ఓసారి ముక్కు పెట్టనా?"

"పెట్టవే, దానికి అడగాలా," అంది గేదె నెమరేస్తూ. "ఊక కింద, తెలుపు పైన, ఉల్లిపొరకన్నా సన్నగా ఓ పొర ఉంటుంది. సారమంతా దేవుడు అందులో దాచాడు. లోపలి తెలుపు మొలకకు కట్టిన సద్దిమూట. ఆ మూట విప్పే చెయ్యి ఈ పొర. మీరు చెయ్యి నరికేసి మూట మోస్తున్నారు."

నల్లపెట్ట తను తిని, ముక్కు నిండా తవుడు తెచ్చి పిల్ల నోట్లో పెట్టింది. అలా పెడుతూ ఉండగా ఓ పొద్దున పిల్ల మెడ నిలబడింది. మర్నాడు తల్లి వెనకాల నాలుగడుగులు వేసింది.

పుంజు అది చూసి తవుడు కుప్ప దాకా వచ్చి ఆగింది. "నక్క ఏమనుకుంటుందో..."

"అదేమనుకుంటోందో నాకు తెలిసింది. నువ్వు ముందు తిను."

అన్నీ తిన్నాయి. సత్తువ మళ్ళీ వచ్చింది. "నక్క ముందు మాత్రం ఎవరూ లేవకండి," అంది నల్లపెట్ట.

ఆ సాయంత్రం నక్క రాగానే నల్లపెట్ట నేల మీద కూలబడి మూలిగింది. "తమ్ముడూ, మా పని అయిపోయింది. పుంజు ఆ తవుడు కుప్ప మీద పడి ఉంది, కన్ను కూడా తెరవడం లేదు. నువ్వే లోపలికొచ్చి చూసిపో."

"అయ్యో పాపం," అంటూనే నక్క కంచె కింద దూరింది. ఇన్నాళ్ళూ పరుగెత్తించిన కోళ్ళు ఇప్పుడు ఎక్కడికి పోతాయిలే అని పెళ్ళివారి నడక నడిచి వచ్చి, పుంజు మీదికి ఒక్క దూకు దూకింది.

పుంజు రెక్కలు టపటపలాడిస్తూ దూలం మీద వాలింది. నక్క తలకాయ తవుడు కుప్పలో మెడదాకా దిగబడింది. కళ్ళలో తవుడు, ముక్కులో తవుడు. తుమ్ముతూ, దారి తెలియక వెనక్కి వెనక్కి నడిచి గేదె కాళ్ళ దగ్గరికి చేరింది. గేదె నెమరు ఆపకుండానే ఒక్కటి తన్నింది. నక్క కంచె అవతల పడింది.

గుహలో ఆడనక్క ఎదురొచ్చింది. "కోడికూర అని వెళ్ళావు. మూతి నిండా ఏంటయ్యా అది?"

"తవుడు."

"తవుడా? అందులో ఏముంటుంది?"

నక్క డొక్క తడుముకుంది. "చాలా బలం ఉందే," అంది.

కాబట్టి తల్లీ, నాయనా, మీ కంచం గురించి మీకన్నా ఎక్కువ బెంగపడేవాడు కనిపిస్తే, వాడి ఆకలి ఏమిటో ముందు కనుక్కోండి.