సున్నం కింద ఏటి చెయ్యి

అనగనగా, ఏరు ముందు పుట్టి ఊరు తర్వాత పుట్టిన ఒకచోట, ఏటిమొగ అనే ఊరుండేది. ఏటిని ఆనుకుని పల్లపు వీధి, గుట్ట మీద మెట్ట వీధి. పల్లపు వీధి చివరి ఇంట్లో పోలినాయుడనే రైతు, అతని భార్య సన్యాసమ్మ కాపురముండేవారు. పోలినాయుడు మంచివాడే. మంచివాడి బుద్ధి కూడా ఒక్కోసారి గడ్డి తింటుంది. ఆ గడ్డి తిన్న కథే ఇది.

ఆ ఊరికి ఒక ఆచారముంది. వరద వచ్చి తీశాక, ఇంటి పెద్ద తన అరచేతిని ఎర్రమట్టిలో ముంచి, నీళ్ళు నిలిచినంత ఎత్తున వీధిగోడ మీద అద్దాలి. దాన్ని ఏటి చెయ్యి అనేవారు. వచ్చే ఏడు బియ్యం కుండ ఎక్కడ పెట్టాలో, పసిబిడ్డ ఉయ్యాల ఎంత ఎత్తున కట్టాలో ఆ చెయ్యే చెప్పేది. పూర్వం ఎవరో ముసలమ్మ పెట్టిన ఆచారమై ఉంటుంది. మగవాళ్ళకి అంత ముందుచూపు ఎక్కడిది?

ఒక ఏడు వరద వచ్చింది. పోలినాయుడు మోకాలి ఎత్తున చెయ్యి వేశాడు. మరుసటి ఏడు నడుము ఎత్తున వేశాడు. మూడో ఏడు గుండెల ఎత్తున వేశాడు. ఇక ఈ ఇల్లు వద్దనుకున్నాడు.

మొదటి వరద తర్వాతే ఒక బెల్లం వర్తకుడు వచ్చి సగం ధరకు అడిగాడు. పోలినాయుడు పొమ్మన్నాడు. రెండో వరద తర్వాత ఒక పురోహితుడు పావు ధరకు అడిగాడు. అతణ్ణీ పొమ్మన్నాడు. మూడో వరద తర్వాత వచ్చినవాడు ధరే అడగలేదు. గోడ మీద మూడు చేతులూ చూసి, గడప తొక్కకుండానే వెనుదిరిగాడు. దూలాలు అవే, తలుపులు అవే. ధర మాత్రం ఏట్లో కొట్టుకుపోయింది.

పల్లపు వీధిలో అందరి గోడూ అదే. చివరికి ఇరుగుపొరుగు కూడబలుక్కున్నారు. ఏ పండగా లేదు, ఏ పెళ్ళీ లేదు, వీధి వీధంతా సున్నాలు వేసేశారు. ఏటి చేతులన్నీ ఆ తెల్లదనం కిందకు పోయాయి. ఎవరి ఇంటి సంగతీ ఎవరూ బయట పెట్టకూడదని కట్టడి చేసుకున్నారు.

అప్పుడు కరువు సీమ నుంచి మార్కండేయులనే నేతగాడు, భార్య భద్రమ్మతో, ఇద్దరు పిల్లలతో ఇల్లు కొందామని వచ్చాడు. బిందెడు నీళ్ళకోసం ఆమడ దూరం నడిచిన మనుషులు వాళ్ళు. పోలినాయుడి ఇంటి పక్కనే ఏరు చూసి భద్రమ్మ రెండు చేతులూ జోడించింది. మార్కండేయులు ఇల్లంతా తిరిగి చూసి, ఒక్క మాట అడిగాడు.

"నాయుడు గారూ, మాది గుంట మగ్గం. నేలలో గొయ్యి తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని నేస్తాం. ఇక్కడ నీళ్ళు రావు కదా?"

"ఒక్క చుక్క రాదు" అన్నాడు పోలినాయుడు.

నిండు ధర ముట్టింది. ఆ సొమ్ముతో పోలినాయుడు మెట్ట వీధిలో చిన్న ఇల్లు కొనుక్కుని గుట్ట ఎక్కాడు. ఎక్కాడే గానీ, మనసు పల్లంలోనే ఉండిపోయింది.

నిజం చెప్పేద్దామని ఒకరోజు బయలుదేరాడు. వెళ్ళేసరికి మార్కండేయులు మగ్గం గుంట తవ్వుతున్నాడు. పిల్లలు తట్టలతో మట్టి మోస్తున్నారు. "మీ చేతి ఇల్లు, మంచి మట్టి" అని నవ్వాడు నేతగాడు. పోలినాయుడు నీళ్ళు నమిలి, అవునవునని తలూపి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

నెల తిరిగింది. ఈసారి చెప్పి తీరాలని గుమ్మం దిగబోతుంటే భద్రమ్మే ఎదురొచ్చింది. కొత్త మగ్గం మీద నేసిన తొలి చీర, చోటిచ్చినవాళ్ళకి ఇవ్వడం వాళ్ళ ఆనవాయితీ అట. పసుపు రాసి తెచ్చి సన్యాసమ్మ చేతిలో పెట్టింది. సన్యాసమ్మ ఆ చీర కట్టలేదు. పెట్టెలో పెట్టి, మొగుడి ముఖం చూడకుండా వంటింట్లోకి వెళ్ళిపోయింది. పోలినాయుడికి చచ్చినంత సిగ్గేసింది. అయినా నోరు పెగల్లేదు. చూశారా పిల్లలూ, మనకి సిగ్గేసినంత మాత్రాన ఎదుటివాడికి ఒరిగేదేమీ లేదు.

ఆషాఢం వచ్చింది. ఎగువన కొండలు నల్లబడ్డాయి. ఏటి రంగు మారింది. పోలినాయుడు ఇక ఆగలేకపోయాడు. చెప్పుల్లేకుండా గుట్ట దిగి పరిగెత్తాడు. ఇరుగుపొరుగు అతని వాలకం చూసి సంగతి పసిగట్టి దారికి అడ్డం వచ్చారు. నువ్వు నోరు విప్పితే మా ఇళ్ళు మట్టి ధర కూడా పలకవని బతిమాలారు, తర్వాత తిట్టారు. అతను వాళ్ళను తోసుకుని లోపలికి వెళ్ళాడు.

మార్కండేయులు గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నాడు. భద్రమ్మ పక్కన నూలు చుడుతోంది.

"ఈ ఇల్లు మునుగుతుంది. మూడేళ్ళు వరసగా మునిగింది. పోయినేడు నీళ్ళు నా గుండెల దాకా వచ్చాయి. తెలిసే అమ్మాను" అన్నాడు పోలినాయుడు.

మగ్గం ఆగింది. మార్కండేయులు గుంటలోంచి కాళ్ళు పైకి తీసుకున్నాడు. భద్రమ్మ నెమ్మదిగా అడిగింది.

"చీర తెచ్చిన రోజు కూడా మీకు తెలుసా అండీ?"

"తెలుసమ్మా."

ఆమె అడిగిన ఆ ఒక్క మాటకి పోలినాయుడు కుంగిపోయాడు. కొట్టినా ఓర్చుకునేవాడు, తిట్టినా ఓర్చుకునేవాడు. ఆమె తల దించుకుని నూలు కండెలు బుట్టలో సర్దడం మొదలుపెట్టింది. అదే అతను ఓర్చుకోలేకపోయాడు.

"గుట్ట మీది ఇల్లు మీ సొమ్ముతో కొన్నదే. అది మీది. ఇది నాది" అన్నాడు. అని మాటతో ఊరుకోలేదు. నేసిన బట్ట చుట్టుకునే మగ్గం దోనెను తనే భుజానికెత్తుకున్నాడు. సన్యాసమ్మ వచ్చి పిల్లల్ని, పడుగు చుట్టిన కర్రని తీసుకుంది. మూడు రోజులు గుట్ట ఎక్కుతూ దిగుతూ, వాళ్ళ సామాను పైకి చేర్చి తమ సామాను కిందకు తెచ్చుకున్నారు. అప్పుడు పోలినాయుడు గోడ మీది సున్నం గీకాడు. మూడు చేతులూ బయటపడ్డాయి. వీధివాళ్ళు అతనితో మాటలు మానేశారు.

నాలుగో రోజు ఏరు వచ్చింది. మగ్గం గుంట నిండి, ఇల్లు నిండి, నీళ్ళు పోలినాయుడి మెడ దాకా లేచాయి. మొగుడూ పెళ్ళాలు అటక మీద రెండు రోజులు అటుకులు తిని బతికారు. గుట్ట మీద మగ్గం చప్పుడు మాత్రం ఆగలేదు. అది వినబడినప్పుడల్లా పోలినాయుడికి ఊరటగానూ ఉండేది, సిగ్గుగానూ ఉండేది.

ఆ తర్వాత అతను మెట్ట వీధి వైపు పోలేదు. పోవడానికి ముఖం చెల్లలేదు. ఏడాదికేడాది మట్టి మోసి ఇంటి అరుగు ఎత్తు పెంచుకుంటూ, కూర్చుంటే గోడ వైపు తిరిగి కూర్చునేవాడు.

ఒకనాడు మార్కండేయులే గుట్ట దిగి వచ్చాడు.

"మా తమ్ముడు కూడా ఈ ఊరు వస్తానంటున్నాడు. ఏ ఇల్లు కొనాలో మీరు చెప్పాలి నాయుడు గారూ."

పోలినాయుడు తలెత్తలేదు. "నన్నా అడుగుతున్నావు?"

"ఊళ్ళో అందరూ తమ ఇల్లు మునగదనే అంటున్నారు. మునుగుతుందని చెప్పింది మీరొక్కరే. ఇంకెవర్ని అడగను?"

పోలినాయుడు కండువాతో ముఖం కప్పుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి, లేచి, వీధిలోకి వచ్చి, ఏ ఇంట్లోకి ఎంత నీరు వస్తుందో గడప గడపకీ ఆగి మార్కండేయులికి చెప్పాడు.

ముప్పు దాచి అమ్మినవాడు ఏ గుట్ట ఎక్కినా ఆ ముప్పు వెంటే వస్తుంది. సిగ్గుపడుతూనైనా నోరు విప్పి నిజం చెప్పినవాడు పోయిన నమ్మకాన్ని మళ్ళీ సంపాదించుకుంటాడు.