గిలక లేని బావి

అనగనగా గవ్వలదిన్నె అని ఒక ఊరు. ఆ ఊరికి ఒక బావి. ఆ బావికి గిలక లేదు.

డబ్బు లేక కాదు పిల్లలూ, పొగరెక్కువై. "మా ఊరివాళ్ళ రెక్కలకు గిలక సాయమెందుకు?" అని తాతల నాటినుంచీ మీసం దువ్వుకునేవారు.

ఆ ఊళ్ళో ఒక కట్టుబాటు ఉండేది. ముసలివాళ్ళ చేతిలోంచి చేద జారి బావిలో పడిందా, ఇక వాళ్ళు నీళ్ళు తోడకూడదు. ఇరుగుపొరుగువాళ్ళు తెచ్చి పోస్తారు. కొన్నాళ్ళకు పొయ్యి ఆర్పమని, అన్నం తెచ్చి పెడతారు. చివరికి ఇంటి తాళంచెవి ఊరిపెద్ద చేతిలో పెట్టి, పెద్దల చావడికి వెళ్ళి కూర్చోవాలి. అంతా ప్రేమతోనే సుమా. పెద్దలను కాలు కింద పెట్టనివ్వరని ఆ ఊరికి పేరు.

నాంచారమ్మ ఒంటరి మనిషి. భర్త పోయాడు, పిల్లలు లేరు. తెల్లవారగానే బావికి వెళ్ళేది. బిందెడు నీళ్ళకు పూటంతా పట్టేది. ఎవరి కోడలు నెల తప్పింది, ఎవరి గేదె ఈనింది, అన్నీ అక్కడే తెలిసేవి. నీళ్ళకన్నా ఆ కబుర్లే ఆమెకు ప్రాణం.

ఒకనాడు చేద జారింది. బుడుంగున మునిగింది. బావి దగ్గరివాళ్ళు నాంచారమ్మ చేతిలోంచి బిందె అందుకున్నారు.

మర్నాటినుంచి పక్కింటి మంగతాయి నీళ్ళు పోసేది. మంచి పిల్లే. అయితే దానికీ ఇల్లుంది, పనుంది. గడప దగ్గరే బిందె దించి "పెట్టేశానత్తా" అని వెళ్ళిపోయేది. "కాస్త కూర్చోవే" అని నాంచారమ్మ అనేలోపే వీధి మలుపు తిరిగేది.

కోతలయ్యాక పొయ్యి ఆరింది. కంచం ఒకనాడు ఒకరింటినుంచి, మరునాడు మరొకరింటినుంచి వచ్చేది. నాంచారమ్మకు పొద్దున లేవడానికి ఒక కారణమంటూ లేకపోయింది. లేవక లేవక మోకాళ్ళు బిగిశాయి. మాట్లాడక మాట్లాడక గొంతు బొంగురుపోయింది. గోడమీది బల్లితో మాట్లాడేది. బల్లి నయం, అప్పుడప్పుడైనా పలికేది.

"నా ఇంట్లో నేనే చుట్టాన్నయ్యాను" అనుకుని కొంగు నోటికడ్డం పెట్టుకుని ఏడ్చేది.

చివరికి తాళంచెవి కోసం ఊరిపెద్ద భద్రయ్య వచ్చాడు. చేతికర్ర ఊతంగా, ఆయాసపడుతూ అరుగెక్కాడు.

"ఇంకా ఒంటరిగా ఎందుకు పిన్నీ? చావడికి పద. అన్నీ మేం అమరుస్తాం" అన్నాడు.

ఈ గడప దాటితే మళ్ళీ రాలేనని నాంచారమ్మకు తెలుసు. తాళంచెవి కొంగున గట్టిగా ముడేసుకుంది.

"ఆ కర్ర ఎందుకురా భద్రయ్యా?"

"మోకాళ్ళ నొప్పులు పిన్నీ. ఇది లేందే నడవలేను."

"నడవడమెందుకు? మంచమ్మీదే పడుకో. అన్నీ అక్కడికే వస్తాయి."

"అదేం మాట పిన్నీ? నడవకపోతే ఉన్న కాళ్ళు కూడా పోవూ?"

"నాకు చేతులు పోతున్నాయిరా. నీ కాళ్ళకు కర్ర ఇచ్చుకున్నావు. నా చేతులకు గిలక ఇవ్వక, చేదే లాక్కున్నారు."

భద్రయ్య తల దించుకున్నాడు. "ఊరి పరువు..." అని నసిగాడు.

"పరువు నీళ్ళు తాగదు నాయనా. నేను తాగుతాను."

భద్రయ్య అరుగుమీద కూలబడి తన చేతికర్ర వైపు చూసుకున్నాడు. తర్వాత లేచి, తాళంచెవి అడక్కుండానే వడ్రంగి ఇంటిదారి పట్టాడు.

బావికి గిలక వచ్చింది. కొందరు సణిగారు. నాంచారమ్మ చిన్న చేదతో, కొంచెం కొంచెంగా తనే తోడుకుంది. బిందె చంకకెత్తడానికి మాత్రం మంగతాయి చెయ్యి వేసింది. ఇంట్లో మళ్ళీ పొయ్యి వెలిగింది. బిగిసిన మోకాళ్ళు మెల్లమెల్లగా సడలాయి.

నడక కుదరగానే నాంచారమ్మ చావడికి వెళ్ళింది. అక్కడ ఆమె ఈడుదే పైడమ్మ, గోడవైపు తిరిగి కూర్చుని ఉంది. ఆమె చేద వదిలి చాలా ఏళ్ళయింది.

"పైడీ, బావికి గిలక వేశారే. పోదాం రా."

పైడమ్మ తన చేతులు చూసుకుంది. గుప్పిట పట్టబోతే వేళ్ళు ముడుచుకోలేదు.

"ఇప్పుడా వేయడం?" అంది.

నాంచారమ్మ ఆ చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుని, చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది.

కాబట్టి పిల్లలూ, పెద్దల పని లాక్కోవడం సేవ కాదు. ఆ పని వాళ్ళే చేసుకునేలా చెయ్యి అందించడం సేవ, అదీ వాళ్ళ చేతుల్లో సత్తువ ఉండగానే.