మూత తీయకూడని మూడు రోజులు

పరదేశి మాస్టారిని ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పరు. అడిగినవాళ్లకు ఒక పని అప్పజెప్పి, తాను సుద్దముక్క పట్టుకుని వసారాలో నల్లబల్ల పక్కన కూర్చుంటారు. బడిలో సైన్సు చెప్పి రిటైరయ్యాక, అనకాపల్లి దగ్గర ఉన్న ఇంట్లో కూర్చుని కూరపాదుల తెగుళ్ల మీద బ్లాగు రాయడం మొదలుపెట్టారాయన. ఇప్పుడు ఏ జిల్లాలో బీరపాదుకు ఆకుముడత వచ్చినా, రైతు ఫోనులో వెతికితే ముందు తేలేది ఆయన రాసిన పేజీయే. ఆ విద్యేదో మాకూ నేర్పండి మాస్టారూ అంటూ చిన్న చిన్న వ్యాపారాల వాళ్లు ఆయన దగ్గరకు వస్తుంటారు.

అలా వచ్చిన వాళ్లలో దమయంతి ఒకతె. ఆమె భర్త గౌరునాయుడు ఇంటి పక్క షెడ్డులో నాటుకోడి గుడ్లు పొదిగించే కరెంటు పెట్టెలు తయారుచేస్తాడు. పెట్టె మంచిదే, కొన్నవాళ్లు మెచ్చుకుంటారు. కొనేవాళ్లే తక్కువ. దసరా దాకా చూసి, అప్పటికీ దమయంతి రాసే బ్లాగు చూసి ఒక్కరైనా రాకపోతే షెడ్డుకు తాళం వేసి కంపెనీ గేటు దగ్గర కాపలా ఉద్యోగానికి పోతానన్నాడు. కోపంగా అన్నా బాగుండేది. నవ్వుతూ అన్నాడు. అదే ఆమెను ఎక్కువ బాధపెట్టింది.

శ్రావణం వెళ్తూండగా ఒకనాటి పొద్దున్నే వచ్చి, గుమ్మంలో నిలబడే అడిగింది.

"మాస్టారూ, మూడు నెలల నించి రాస్తూనే ఉన్నాను. మా బ్లాగు జనం కంట ఎందుకు పడటం లేదు?"

రాయడంలో ఆమెకు లోటేమీ లేదు. అయితే ఆమెకో పద్ధతి ఉంది. ఈ రోజు రాసినదాన్ని రేపటికి పదిమంది చూడకపోతే పేరు మార్చేస్తుంది. ఎల్లుండికీ చూడకపోతే తీసేసి ఇంకోటి పెడుతుంది. కొత్త పేజీని గూగుల్ గుర్తుపట్టి పదిమందికి చూపించడానికి వారాలు పడుతుందనీ, మార్చినప్పుడల్లా దాని పని మళ్లీ మొదటికొస్తుందనీ మాస్టారు మొదటి రోజే చెప్పారు. ఆమె రాసుకుంది కూడా. ఆత్రగాడికి బుద్ధి మట్టు అని ఊరికే అన్నారా?

మాస్టారు ఆ మాట మళ్లీ ఎత్తలేదు. ఇక్కడే కూర్చుని ఏదో ఒకటి రాసి పెట్టమన్నారు. పెట్టెలో గుడ్లు ఎలా తిప్పాలో రాసి, పదిగంటలకు బ్లాగులో పెట్టింది దమయంతి. తరవాత ఇంకో వ్యాసం మొదలుపెట్టింది. మాస్టారు మధ్యమధ్య లేచి నల్లబల్ల మీద ఒక్కో గీత గీసి మళ్లీ కూర్చునేవారు. పాలవాడి లెక్క కాబోలనుకుని ఆమె పట్టించుకోలేదు.

మధ్యాహ్నం కావస్తుండగా ఆమెకు ఫోను వచ్చింది. చోడవరం అవతలి పల్లె నుంచి సింహాచలమ్మ అనే ముసలావిడ. కిందటి నెల వీళ్ల దగ్గరే పెట్టె కొన్నది. "ముప్పై గుడ్లు ఎట్టినానమ్మా. ఆరే పిల్లలైనాయి. మిగతాయన్నీ పెంకులోనే సచ్చిపోనాయి," అంది. గొంతులో తిట్టు లేదు, దిగులు ఉంది.

దమయంతి ఒక్కొక్కటే అడిగింది. కరెంటు పోయిందా, నీళ్ల పళ్లెం ఎండిందా, గుడ్లు పాతవా అని. ఏదీ కాదు. చివరికి, ఆఖరి రోజుల్లో మూత తీశారా అని అడిగింది. ఆవిడ ఒప్పుకుంది.

"కదుల్తన్నాయో లేదో అని బయమేసి సూసినాను తల్లీ. పూటకి నాలుగైదు సార్లు సూసుంటాను."

దమయంతి కసురుకోలేదు. పద్దెనిమిదో రోజు దాటాక, పిల్లలు బయటికొచ్చే ఇరవయ్యొకటో రోజు దాకా మూత ముట్టుకోకూడదనీ, తీసినప్పుడల్లా లోపలి తేమ పోయి పెంకు కింది పొర ఎండి పిల్లను పట్టేస్తుందనీ, అది మెడ తిప్పలేక అందులోనే ఆగిపోతుందనీ నిదానంగా చెప్పింది. ఏ పని చేయాలో కాదు, ఏ పనీ చేయకుండా ఎలా ఉండాలో చెప్పింది. ఈసారి గుడ్లు పెట్టినప్పుడు ఆ మూడు రోజులూ రోజూ తనకే ఫోను చేయమంది.

"ఈ ముక్క ముందే ఎక్కడన్నా రాసెట్టుంటే బాగున్ను కదమ్మా," అంది సింహాచలమ్మ. "మా మనవరాలు ఫోన్లో ఎతికెతికి ఇసిగిపోయింది."

ఫోను పెట్టేశాక దమయంతి రాస్తున్న వ్యాసం పక్కన పెట్టేసింది. ఏమైందమ్మా అని మాస్టారు అడిగితే అప్పుడు ఆవిడ అన్న మాటలన్నీ చెప్పింది. తను ఆ ముక్క రాయకపోలేదు. జ్యేష్ఠంలో సరిగ్గా ఇదే రాసింది. రెండు రోజుల్లో నలుగురే చూశారని మూడో రోజు తీసేసింది. ఆ ఇరవై నాలుగు పిల్లల ఉసురూ తనదేనన్నట్టు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. అది చూసి ఊరుకోవడం మాస్టారి వల్ల కాలేదు. లోపలికి వెళ్లి మంచినీళ్లు తెచ్చి ఇచ్చారు.

నీళ్లు తాగి తలెత్తితే ఎదురుగా నల్లబల్ల. దాని మీద పదకొండు గీతలు. అవేమిటని అడిగింది. పదిగంటల నుంచి ఇప్పటిదాకా ఎంతమంది చూశారోనని ఆమె ఫోను తీసి చూసుకున్న సార్లు అవి అని చెప్పారు మాస్టారు.

ఈ సంగతంతా, పెట్టె కోసం వెళ్లిన నాకు దమయంతే చెప్పింది, మొన్న ఎండాకాలంలో వాళ్ల షెడ్డులో పెట్టెకు అద్దం బిగిస్తూ. గౌరునాయుడు పక్కనే తీగలు కలుపుతూ, ఇదివరకే వందసార్లు విన్నవాడిలా నవ్వుతున్నాడు. మేం మాట్లాడుకుంటుండగానే రెండు ఫోన్లు వచ్చాయి. రెండూ పెట్టెల కోసమే.

ఆ రోజు ఆమె మాస్టారి వసారాలోనే కూర్చుని, తీసేసిన వ్యాసాన్ని చిత్తుప్రతుల్లోంచి వెతికి తిరిగి పెట్టింది. పేరు మాత్రం సింహాచలమ్మ మాటల్లోనే పెట్టింది, పిల్లలు పెంకులోనే ఎందుకు చచ్చిపోతాయి అని. పెట్టిన మరుక్షణం చెయ్యి మళ్లీ ఫోను మీదికి పోయింది. మాస్టారు సుద్దముక్క అందుకున్నారు. ఆమె సిగ్గుపడి ఫోను సంచిలో వేసి, సంచి మూతి కట్టేసింది.

"ఆవిడకి అంత బాగా చెప్పినదాన్ని, నేనే ఎందుకిలా చేశాను మాస్టారూ?"

మాస్టారు నల్లబల్ల మీది గీతలు తుడుస్తూ అన్నారు.

"ఆవిడే చెప్పింది కదమ్మా, భయమేసి చూశానని."